వేలంలో వేలు

టంగుటూరు వేలం కేంద్రం వెనక గదిలో
పాత కంప్యూటరు ముందు
ఒక లేని మనిషిని తయారుచేస్తున్నా.
వాడికి కుర్చీ అక్కర్లేదు, టీ అక్కర్లేదు,
సీజనంతా పొగాకు ఘాటుకి ఒక్కసారీ తుమ్మడు.
కాటా పంపిన అంకె చదివి
మీట నొక్కినట్టు నటించడమొక్కటే వాడి పని.

ఆ నటనే రాలేదు.

మొదటి రోజు
నూట నలభై రెండు కిలోలని కొట్టాడు.
సాఫ్ట్‌వేరు ఇంకా కళ్లు నులుముకుంటోంది,
ముందున్న ఒకటిని మింగేసింది.
బేలు నలభై రెండుకి చిక్కిపోయింది.
మీటకీ మీటకీ మధ్య యాభై మిల్లీసెకన్లు పెట్టా,
తర్వాత వంద, తర్వాత రెండొందలు.
ప్రింటరు బిల్లు కొడుతుంటే అదీ చాల్లేదు.

రెండో రోజు ఎవరో తెలుగు లేఔటు పెట్టి వదిలేశారు.
గ్రేడు పడాల్సిన గడిలో
హల్లు దొరకని గుణింతాలు, దిక్కులేని ఒత్తులు.
మూడో రోజు షిఫ్టు నొక్కినవాడు వదలడం మరిచాడు.
అంకెలన్నీ గుర్తులైపోయి
రైతుల బరువుల దగ్గర నక్షత్రాలు పొడిచాయి.
అందరం నవ్వుకున్నాం.

శుక్రవారం నవ్వు రాలేదు.
ఏదో అప్‌డేటు కిటికీ తెర మధ్యకొచ్చి నిలబడింది.
ఎదుట ఎవరున్నారో చూడని నా వాడు
ధరంతా దాని ముఖాన కొట్టి
ఎంటరు నొక్కి, సరేనన్నాడు.
అసలు గడి ఖాళీగా పోయింది.
ఈ లెక్కలో ఖాళీకి నోబిడ్ అని పేరు.

ఇరిగినేని పేరయ్య పదకొండు బేళ్లకి
కొనేవాడు లేడని చీటీ వచ్చింది.
ఆయన అరవలేదు.
చీటీ నా బల్ల మీద పెట్టి చేత్తో చదును చేశాడు.
"అబ్బయ్యా, కంపెనీ బయ్యరు వేలెత్తడం
నా కళ్లతో చూశా.
ఆ వేలు ఎవురు దించారు?"

ఈడ ఒక వేలు లేస్తేనే వేలు పలుకుతాయి.
అసలు వేలే లేనివాడు దించాడని
ఎట్టా చెప్పేది?

మస్తాన్‌బీ లేచొచ్చింది.
పందొమ్మిది సీజన్లుగా ఆ కీబోర్డు ఆమెది.
ఏడు మీద తెల్ల అంకె చెరిగిపోయింది,
ఎంటరు మీట కుడి అంచున గుంట పడింది.
నేనొచ్చింది ఆ కుర్చీ ఖాళీ చేయించడానికే.
ఇద్దరికీ తెలుసు, ఇద్దరం ఎత్తలేదు ఆ మాట.

పదకొండు బేళ్లు మళ్లీ కొట్టింది.
బరువు. ఆగింది. గ్రేడు. ఆగింది.
ఏ ఆగుడూ ఇంకోదాని కొలత కాదు.
ఒకటి రెప్ప పడి లేచినంత,
ఒకటి గుక్క నీళ్లు దిగినంత,
ఒకటి పేరయ్య వైపు తిరిగి
"నూట పద్దెనిమిదేగా పెదనాయనా" అన్నంత.

"ఎన్ని మిల్లీసెకన్లు ఆగుతావక్కా?"
"ఆ లెక్కలు నాకేం తెలుసు.
గీత పక్క గడిలోకి దూకి మిణుక్కుమనాల,
అప్పుడు నొక్కాల.
అది పిలవకముందే నువ్వు పలకబాక."

ఆ రాత్రి అదే రాశాను.
గీత కనబడేదాకా ఆగు.
ఎదుటి కిటికీ పేరడుగు,
మనది కాకపోతే చెయ్యి తీసెయ్.
నొక్కిన ప్రతిదాన్నీ వదులు.
కొట్టింది ఒకసారి చదువుకో.
ప్రోగ్రాంలా లేదది,
మొదటిసారి పరాయింటికి పంపే పిల్లాడికి చెప్పినట్టుంది.

నడిపించి, గోనెపట్టా మీద ఒరిగాను.
హైవే మీద లారీలు తెల్లార్లూ ఒకటే మోత.
లేచి చూస్తే తెరకి తాళం.
పది నిమిషాలు వేలు తగలకపోతే
మనిషి లేడనుకుంటుంది యంత్రం.
అందులో అబద్ధమేముంది?
ఏడు బేళ్లు ఎక్కించి
నా మాట ప్రకారం చెయ్యి తీసేసి
మూసిన తలుపు బయట నిలబడ్డాడు వాడు,
గీత ఎప్పుడు మిణుక్కుమంటుందా అని.

ఎనిమిదింటికి మస్తాన్‌బీ వచ్చింది.
టిఫిను డబ్బా కిటికీలో పెట్టి
చూపుడువేలితో ఒక మీట తాకింది.
తెర వెలిగి పాస్‌వర్డు అడిగింది.
నేను తల తిప్పుకున్నాను.
నొక్కులు వినబడుతూనే ఉన్నాయి, ఎనిమిది.
ఆరోదానికి ముందు
ఒక చిన్న ఆగుడు.